1.45 లక్షల గేమింగ్ సిస్టమ్‌ని లక్ష లోపు దింపాలంటే ఎక్కడ కోయాలి, ఎక్కడ కోయకూడదు

తమ్ముడూ, నీ కొటేషన్ ఫొటో జూమ్ చేసి మరీ చూశాను. చదివే మిగతావాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి నువ్వు అడిగింది క్లుప్తంగా చెప్పేస్తా. తిరుపతిలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం, నాన్న లక్ష వరకు ఒప్పుకున్నాడు, షాపులో రాసిచ్చిన కాగితం మాత్రం 1,45,000 తేలింది. మానిటర్ నీ దగ్గరుంది, 24 అంగుళాల 1080పీ, 144 హెర్ట్జ్. ఎక్కువగా వాలొరంట్, సీఎస్2 ఆడతావు, సెలవుల్లో సైబర్‌పంక్ లాంటి పెద్ద ఆటలు. "పర్ఫార్మెన్స్ పోకుండా 45 వేలు తగ్గాలంటే గ్రాఫిక్స్ కార్డు చిన్నది తీసుకోవడమేనా అన్నా?" అన్నావు.

కాదు. కార్డు ఒక్కటి వదిలేసి మిగతా అన్నిటికీ కత్తెర వేయొచ్చు. ఎస్ఎంపీఎస్ (అన్నిటికీ కరెంటు ఇచ్చే పెట్టె) దగ్గర మాత్రం కొలిచి కోయాలి, దాని కథ కింద చెప్తా, నా సొంత కథే.

కాగితంలో ఉన్నది ఇది: ప్రాసెసర్ రైజెన్ 7 7700ఎక్స్ 28,500, ఎక్స్670ఈ మదర్‌బోర్డు 27,000, లైట్లున్న 32 జీబీ డీడీఆర్5 ర్యామ్ 11,500, గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060 టీఐ 8 జీబీ 39,500, 1 టీబీ ఎస్ఎస్‌డీ 8,500, 360 సైజు లిక్విడ్ కూలర్ 10,000, 850 వాట్ల గోల్డ్ ఎస్ఎంపీఎస్ 10,500, అద్దాల క్యాబినెట్ 9,500. ఒక్కసారి ఆ వరస మళ్లీ చదువు. కార్డుకి పెట్టింది ముప్పై తొమ్మిదిన్నర వేలు, ప్రాసెసర్‌కీ దాన్ని కూర్చోబెట్టే బోర్డుకీ దాన్ని చల్లబరిచే కూలర్‌కీ కలిపి పెట్టింది అరవై అయిదున్నర వేలు. గేమింగ్ సిస్టమ్‌కి ఇది తలకిందుల లెక్క. షాపాయన మోసం చేశాడని అనను, "మంచి సిస్టమ్ కావాలి" అని అడిగితే ఎవరైనా అన్నిట్లో మంచివి రాసిస్తారు, అంతే.

లెక్క మానిటర్ దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. ఆటలో ప్రతి ఫ్రేమ్‌కీ ప్రాసెసర్ ముందు పని సిద్ధం చేస్తుంది, ఎవడు ఎక్కడున్నాడు, తూటా ఎటు పోతోంది అన్నదంతా, తర్వాత కార్డు దాన్ని గీస్తుంది. ఇద్దరిలో ఎవరు నెమ్మదైతే ఆ వేగమే నీకు తెర మీద కనిపిస్తుంది. మనూరి వాడివి కాబట్టి మన భాషలో చెప్తా, కొండ మీద వైకుంఠం క్యూ కాంప్లెక్స్‌లో ఎన్ని కంపార్ట్‌మెంట్లు తెరిచినా దర్శనం మాత్రం బంగారు వాకిలి దగ్గర వరస ఎంత కదిలితే అంతే కదులుతుంది. పెద్ద ఆటల్లో ఆ బంగారు వాకిలి కార్డు. వాలొరంట్, సీఎస్2 లాంటివాటిలో ప్రాసెసర్. కానీ ఆ రెండు ఆటలకీ నీ మానిటర్ చూపించగలిగేది సెకనుకి 144 ఫ్రేములే, ఆరు కోర్ల మంచి ప్రాసెసర్ దాన్ని సునాయాసంగా దాటేస్తుంది. 144 దాటాక ఇంకా పెరిగితే మౌస్ స్పందన ఒక పిసరు మెరుగవుతుంది, నిజమే, దానికి పది వేలు పెట్టే స్థాయి ఆటగాడివైతే నన్ను అడిగేవాడివి కాదు.

కాబట్టి 7700ఎక్స్ బదులు రైజెన్ 5 7600 తీసుకో. అదే తరం, అదే రకం కోర్లు, కాకపోతే ఎనిమిదికి బదులు ఆరు, వేగం కాస్త తక్కువ, అంతే తేడా. 4060 టీఐ పక్కన పెట్టి ఆడితే రెంటికీ మధ్య తేడా కంటితో పట్టుకోలేవు, ఎందుకంటే అక్కడ ఆగేది కార్డు. షాపులో ఇది 18,000 అన్నారని నువ్వే రాశావు, అంటే పదివేల అయిదొందలు అక్కడే మిగిలాయి. దీనికంటే ఇంకో రెండు వేలు తక్కువకి 7500ఎఫ్ వస్తుందని ఎవరో ఒకరు చెప్తారు, అబద్ధం కాదు, కానీ దాంట్లో గ్రాఫిక్స్ ఉండవు. కార్డు వారంటీకి పోయినప్పుడు నీ సిస్టమ్ ఉత్త ఇనప పెట్టె అయిపోతుంది. 7600లో చిన్న గ్రాఫిక్స్ లోపలే ఉంటాయి, ఆట ఆడలేవు కానీ ల్యాబ్ రికార్డు రాసుకోవచ్చు, కార్డు తిరిగొచ్చేదాకా పని నడుస్తుంది. స్టూడెంట్‌కి ఆ రెండు వేలు పెట్టడం న్యాయమే. ఇంకో మాట, ప్రాసెసర్ డబ్బాలో సీల్‌తో ఉన్నదే అడుగు. "ట్రే పీస్, అయిదొందలు తక్కువ" అంటే వద్దు, దాంతో కూలర్ రాదు, వారంటీ విషయంలో కూడా గొడవ.

ఇప్పుడు బోర్డు. ఇక్కడే అందరూ మోసపోతారు, ఎందుకంటే బోర్డు చూడ్డానికి గంభీరంగా ఉంటుంది. ఎక్స్670 అంటే ఏదో వేరే జాతి అనుకుంటారు గానీ, బీ650లో ఏ చిప్ ఒకటి ఉంటుందో ఎక్స్670లో అదే చిప్ రెండు పక్కపక్కన పెట్టి ఉంటుంది. రెండోది దేనికంటే ఇంకొన్ని యూఎస్‌బీలు, ఇంకొన్ని ఎస్ఎస్‌డీలు తగిలించుకోడానికి. చివర 'ఈ' అక్షరం ఉంటే కార్డు స్లాట్ కూడా పీసీఐఈ (కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారి) 5.0 అవుతుంది. నీ 4060 టీఐ ఏమో 4.0 కార్డు, అది కూడా పదహారు లేన్లు కాదు, ఎనిమిదే వాడుతుంది. ఎనిమిది వరసల రోడ్డు వేయించి దాని మీద టీవీఎస్ నడిపినట్టు. బీ650ఎం బోర్డు 13,000లో దొరుకుతుంది. దాంట్లో చూడాల్సినవి కొన్నే: ప్రాసెసర్ పక్కన కరెంటు భాగాల మీద అల్యూమినియం హీట్‌సింక్ ఉందా, వెనక బయాస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) ఫ్లాష్ బటన్ ఉందా. రూంలో వైఫైనే దిక్కైతే వైఫై ఉన్న మోడల్ తీసుకో. ఇంకా కిందికి, హీట్‌సింక్ కూడా లేని ఏ620 బోర్డుకి దిగొద్దు, మే నెలలో ఏడుస్తావు. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌ని 2027 దాకా, ఆ తర్వాత కూడా సపోర్ట్ చేస్తామని ఏఎండీ చెప్పింది కాబట్టి ఉద్యోగం వచ్చాక ఇదే బోర్డులో ఆటలకి ఇంకా వేగమైన ఎక్స్3డీ రకం ప్రాసెసర్ పెట్టుకోవచ్చు, బోర్డు బాగుంటే.

కూలర్ గురించి మాట్లాడాలంటే మన ఎండల గురించి మాట్లాడాలి. తిరుపతిలో మే నెల మధ్యాహ్నం నలభై దాటుతుంది, రాత్రి పదింటికి కూడా శేషాచలం రాళ్లు వేడి కక్కుతూనే ఉంటాయి, పై అంతస్తు రూం అయితే చెప్పక్కర్లేదు. అందుకే లిక్విడ్ కూలర్ రాశామని షాపులో చెప్పుంటారు. వినడానికి బాగుంది. కానీ గాలి కూలర్ అయినా నీళ్ల కూలర్ అయినా చివరికి వేడిని వదిలేది రూంలోని గాలిలోకే, రూంలో 36 డిగ్రీలుంటే ఏ కూలరూ దానికంటే కిందికి తీసుకెళ్లలేదు. 7700ఎక్స్ గరిష్ఠంగా 142 వాట్లు లాగుతుంది, 7600 ఏమో 88 దగ్గర ఆగిపోతుంది. 88 వాట్లకి 360 రేడియేటర్ అంటే ఒక్క ఇంటికి అన్నప్రసాదం వంటశాల కట్టినట్టు. 7600 డబ్బాలో చిన్న కూలర్ ఊరికే వస్తుంది. దాంతో నడుస్తుంది, అబద్ధం చెప్పను, కానీ ఎండాకాలంలో గట్టిగా గోల చేస్తుంది. రెండు వేలకి వచ్చే ఒక్క ఫ్యాన్ టవర్ కూలర్ వేయి, హాయిగా ఉంటుంది. పైగా లిక్విడ్ కూలర్‌లో పంపు ఒకటి ఉంటుంది, కదిలే వస్తువు, ఏదో ఒక రోజు పోతుంది. టవర్ కూలర్‌లో పోయేది ఫ్యాన్ ఒక్కటే, అయిదారు వందలు పెడితే కొత్తది.

ర్యామ్ 32 జీబీ ఉంచుకో, లైట్లు తీసేయ్. 16 జీబీవి రెండు, సీఎల్ (జవాబివ్వడంలో ఆలస్యం, తక్కువైతే మేలు) 30 లేదా 36, వేగం 6000. లైట్లు లేనిది నీకు 9,000 అన్నారు. కొటేషన్‌లో "32 జీబీ" అని మాత్రమే రాశారు చూడు, అది 32ది ఒక్కటేనా 16వి రెండా అన్నది లేదు. ఒక్కటే పెడితే ర్యామ్‌కి దారి సగం మూసేసినట్టు, ప్రాసెసర్ మీద ఆధారపడే ఆటల్లో అది తెలిసిపోతుంది. తర్వాత ఇంకో రెండు చేర్చి నాలుగు చేద్దాంలే అనుకోకు, ఏఎం5లో నాలుగు పెడితే వేగం బాగా పడిపోతుంది. బోర్డులో నాలుగు స్లాట్లుంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో, నాలుగో స్లాట్‌లో పెట్టాలి.

ఎస్ఎస్‌డీ సంగతి తొందరగా తేల్చేస్తా. సెకనుకి 7000 ఎంబీ చదివే దానికీ 3500 చదివే దానికీ ఆట తెరుచుకోవడంలో తేడా లెక్కలోకి రానంత. పేరున్న కంపెనీది మామూలు జెన్4, 1 టీబీ, 5,500. అంతే.

ఇక ఎస్ఎంపీఎస్. 2011లో నేను బాలాజీ కాలనీలో రూంలో ఉండేవాణ్ణి. ఒక షాపులో క్యాబినెట్ కొంటే ఎస్ఎంపీఎస్ ఊరికే ఇచ్చారు, 500 వాట్లు అని స్టిక్కర్ కూడా ఉంది. చేత్తో పట్టుకుంటే ఖాళీ టిఫిన్ డబ్బా అంత బరువు, అప్పుడే అనుమానం రావాల్సింది, రాలేదు. ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం గాలివాన, కరెంటు మూడుసార్లు పోయి వచ్చింది, మూడోసారి "టప్" అని ఒక్క చప్పుడు, కాలిన వాసన. అది ఒక్కటే పోయుంటే బాధ లేదు, బోర్డునీ హార్డ్ డిస్క్‌నీ వెంట తీసుకెళ్లింది. హార్డ్ డిస్క్‌లో మా అక్క పెళ్లి ఫొటోలు. ఇప్పటికీ సంక్రాంతికి ఇంటికెళ్తే పాయసం వడ్డిస్తూ ఆ మాట ఎత్తుతుంది.

అందుకని భయపడి 850 గోల్డ్ కొనమని కాదు. 4060 టీఐ 160 వాట్లు, ప్రాసెసర్ ఎంత లాగినా 88, బోర్డు, ఫ్యాన్లు, ఎస్ఎస్‌డీ అన్నీ కలిపినా 300 దాటదు. పేరున్న కంపెనీ 650 వాట్ల బ్రాంజ్, అయిదేళ్ల వారంటీ ఉన్నది 5,500కి సరిపోతుంది. బ్రాంజ్, గోల్డ్ అన్నది నాణ్యత ముద్ర అనుకుంటారు చాలామంది. అది కరెంటుని ఎంత వృథా చేస్తుందన్న కొలత మాత్రమే. సగం లోడు దగ్గర బ్రాంజ్ 85 శాతం, గోల్డ్ 90 శాతం. సిస్టమ్ 300 వాట్లు వాడుతుంటే గోడ నుంచి బ్రాంజ్ లాగేది 353, గోల్డ్ లాగేది 333. ఇరవై వాట్ల తేడా. రోజుకి నాలుగు గంటలు ఏడాది పొడుగునా ఆడినా 29 యూనిట్లు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా ఏడాదికి 230. నీ కొటేషన్‌లో ఈ రెండింటి మధ్య తేడా అయిదు వేలు. ఎన్నేళ్లకి తీరుతుందో నువ్వే లెక్కేసుకో, ఇంజినీరింగ్ చదువుతున్నావు కదా. కంపెనీ పేరు, వారంటీ ఏళ్లు, లోపల రక్షణ సర్క్యూట్లు ఉన్నాయా లేదా, ఇవి చూడు, రంగు కాదు.

క్యాబినెట్ ముందు భాగం జాలీ ఉండాలి, అద్దం కాదు. ముందు అద్దం మూసేసి వెనక ఆరు లైట్ల ఫ్యాన్లు పెట్టినదాన్ని నేను పొయ్యి అంటాను. ముందు రెండు, వెనక ఒకటి ఫ్యాన్లున్న జాలీ క్యాబినెట్ 4,500లో వస్తుంది. నేల మీద మాత్రం పెట్టకు, దుమ్ము సంగతి ఒకటి, 2021 నవంబర్ వానలకి తిరుపతిలో ఎన్ని గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లలోకి నీళ్లొచ్చాయో నీకు గుర్తుండే ఉంటుంది. బల్ల మీద పెట్టు, లేదా ఒక చెక్క పీట.

ఇప్పుడు అన్నీ కూడి చూడు. ప్రాసెసర్ 18,000, బోర్డు 13,000, ర్యామ్ 9,000, కార్డు అదే 39,500, ఎస్ఎస్‌డీ 5,500, కూలర్ 2,000, ఎస్ఎంపీఎస్ 5,500, క్యాబినెట్ 4,500. మొత్తం 97,000. నలభై ఎనిమిది వేలు తగ్గాయి, కార్డు కదల్లేదు. ఈ అంకెలన్నీ నువ్వు పంపిన ధరల మీద వేసినవే, కొనే రోజుకి ముఖ్యంగా ర్యామ్‌ది మారిపోయి ఉండొచ్చు, తేడాలు చూసుకో.

అయినా కార్డు దగ్గర నాకొక పేచీ ఉంది. నీ కాగితంలో ఉన్న 4060 టీఐలో 8 జీబీ మెమరీయే. నీ మానిటర్‌కి ఈ రోజుకి సరిపోతుంది, టెక్స్చర్లు అల్ట్రాలో పెడితే కొన్ని కొత్త ఆటల్లో ఆ 8 జీబీ నిండిపోయి ఉన్నట్టుండి కుదుపులొస్తాయి. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు) బాగానే చూపిస్తుంది, ఆట మాత్రం ఎడ్లబండి మీద కూర్చున్నట్టు ఉంటుంది. అదే డబ్బుకి 12 జీబీ ఉన్న ఏఎండీ కార్డు ఆర్ఎక్స్ 7700 ఎక్స్‌టీ దొరికితే నేనైతే అదే తీసుకుంటా. కాకపోతే అది 245 వాట్లు తాగుతుంది, అప్పుడు ఎస్ఎంపీఎస్ 750కి వెళ్లాలి, ఇంకో వెయ్యిన్నర వేసుకో. నీకు వీడియో ఎడిటింగో, కాలేజీలో మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టో ఉంటే మాత్రం ఎన్విడియా కార్డుతోనే, అంటే 4060 టీఐతోనే ఉండు, ఎన్విడియా సొంత 'క్యూడా' (CUDA) వాడే సాఫ్ట్‌వేర్లన్నీ దాని మీదే తేలిగ్గా నడుస్తాయి. ఈ రెండు కార్డులూ దాటి కొత్త తరంవి అదే ధరకి కనిపిస్తే ముందు మెమరీ ఎంతో చూడు, పేరు తర్వాత.

బడ్జెట్ ఇంకా తగ్గాలనుకునేవాళ్లు, డెబ్బై అయిదు ఎనభై వేలవాళ్లు కూడా అడుగుతున్నారు కాబట్టి ఒక ముక్క. పాత ఏఎం4 సాకెట్‌లో రైజెన్ 5 5600, బీ550 బోర్డు, డీడీఆర్4 16 జీబీ వేసుకుంటే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ ఖర్చు బాగా పడిపోతుంది. 1080పీలో మధ్యరకం కార్డుతో ఇది ఇప్పటికీ గట్టి సెట్. ముందుకి కొత్త తరం ప్రాసెసర్ పెట్టుకునే దారి లేదు, అదొక్కటే దానికి చెల్లించే ధర. ఇంటెల్ అంటే ఇష్టమున్నవాళ్లకి 12400ఎఫ్ కూడా అదే కోవ.

సెకండ్ హ్యాండ్ కార్డు సంగతి. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో నాణేన్ని గ్రాఫిక్స్ కార్డులతో సంపాదించే పని (మైనింగ్) ఆగిపోయాక బస్తాల కొద్దీ కార్డులు బయటికొచ్చాయి, వాటిలో కొన్ని ఇంకా చేతులు మారుతున్నాయి. మైనింగ్‌లో వాడిందంటే చెడిపోయిందని కాదు, ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు అరిగి ఉంటాయి. కొనాలంటే అమ్మేవాడి ఇంటికే వెళ్లు, వాడి సిస్టమ్‌లోనే పదిహేను నిమిషాలు గట్టి లోడు పెట్టించు, వేడి ఎంతకి చేరిందో చూడు, ఫ్యాన్ దగ్గర చెవి పెట్టి గరగర వస్తోందేమో విను, బిల్లు చూపించమను. "బస్టాండ్ దగ్గర కలుద్దాం అన్నా, డబ్బులు తెచ్చుకో" అన్నవాడితో బేరం వద్దు. ఎస్ఎంపీఎస్, ఎస్ఎస్‌డీ ఈ రెండూ సెకండ్ హ్యాండ్‌లో కొననే కొనకు. ప్రాసెసర్ అయితే నిర్భయంగా కొను, అది చెడిపోవడం చాలా అరుదు, ఏఎం4ది అయితే మాత్రం కింద పిన్నులు సరిగ్గా ఉన్నాయో చూసుకో.

ఎక్కడ కొనాలన్నావు. మనకి ఒక అదృష్టం, కంప్యూటర్ సామాన్ల బజారు చెన్నై రిచీ స్ట్రీట్ మూడు మూడున్నర గంటల దూరం. చిత్తూరు వాళ్లకి అలాంటిదే బెంగళూరు ఎస్పీ రోడ్ కూడా అందుబాటే. పొద్దున రైలెక్కి వెళ్లి రాత్రికి డబ్బాలతో తిరిగి రావొచ్చు, మన వైపు వాళ్లకి తమిళం కొంచెమైనా వస్తుంది కాబట్టి బేరం కూడా నడుస్తుంది. కానీ ఒక్క ర్యామ్ కోసమో ఎస్ఎస్‌డీ కోసమో వెళ్తే చార్జీలకే సరి. నేను చేసే పద్ధతి ఇది, ప్రాసెసర్, ర్యామ్, ఎస్ఎస్‌డీ ఆన్‌లైన్‌లో ఆఫర్ చూసి, డబ్బా విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీస్తూ. కార్డు మూడు చోట్లా ధర అడిగి. ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ మాత్రం తిరుపతిలోనే. ఎందుకంటే పోయేవి అవే, పోయినప్పుడు కొరియర్ పట్టుకుని తిరగడం కన్నా షాపు కౌంటర్ మీద పెట్టి "అన్నా, చూడు" అనడం సుఖం. దానికి మూడు నాలుగు వందలు ఎక్కువైనా నాకు అభ్యంతరం లేదు. "బిల్లు లేకుండా అయితే ఇంత" అంటే వినకు, 18 శాతం జీఎస్‌టీ మిగులుతుందని సంబరపడితే ఆర్నెల్లకి వారంటీ అడిగే ముఖం ఉండదు. కొటేషన్‌లో ప్రతి వస్తువుకీ పూర్తి మోడల్ నంబర్ రాయించుకో, "650 వాట్ల ఎస్ఎంపీఎస్" అని రాసిస్తే దాని అర్థం "మా దగ్గర ఏది మిగిలితే అది" అని.

మిగిలే మూడు వేలతో యూపీఎస్ తీసుకుందామనుకుంటావేమో. ఆ ధరకి వచ్చే 600 వీఏది నిజానికి 360 వాట్ల దాకానే ఇస్తుంది, నీ సిస్టమూ మానిటరూ కలిసి ఆట మధ్యలో దాన్ని దాటేస్తాయి, కరెంటు పోగానే అది కీచుమని అరిచి తనూ పోతుంది. ఆ మూడు వేలు దాచి, నెల ఆగి, 1000 వీఏది కొను. ఇంటి ఇన్వర్టర్ మీద నడుపుదామంటే అది సైన్‌వేవ్‌దో కాదో ముందు చూసుకో, స్క్వేర్‌వేవ్ వాటితో ఈ కాలం ఎస్ఎంపీఎస్‌లకి పొసగదు.

పైసా పెట్టకుండా వచ్చే పర్ఫార్మెన్స్ ఇంకా ఉంది, దాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. మా మేనల్లుడు 144 హెర్ట్జ్ మానిటర్ కొని ఎనిమిది నెలలు ఆడాడు. దసరాకి వాళ్లింటికి వెళ్తే "మామా, చూడు ఎంత స్మూత్‌గా ఉందో" అని చూపించాడు. నాకేదో తేడాగా కొట్టింది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్‌లో చూస్తే 60 దగ్గరే ఉంది. మార్చాక వాడి ముఖం చూడాలి నువ్వు. కాబట్టి మొదట అది మార్చు. తర్వాత బయాస్‌లో ఎక్స్‌పో (ర్యామ్‌ని దాని పూర్తి వేగంలో నడిపే సెట్టింగ్) ఆన్ చెయ్యి, లేకపోతే నువ్వు 6000కి డబ్బులిచ్చిన ర్యామ్ 4800 దగ్గర తీరిగ్గా నడుస్తుంది. అక్కడే రీసైజబుల్ బార్ (కార్డు మెమరీ మొత్తాన్నీ ప్రాసెసర్ ఒకేసారి అందుకోనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో చూడు. మానిటర్ కేబుల్ బోర్డుకి కాదు, కింద కార్డుకి పెట్టాలి. నవ్వకు, నెలకొకరు ఇది చేసి "కార్డు పని చేయట్లేదు" అని నాకు మెసేజ్ పెడతారు. ఆటల్లో అల్ట్రా బదులు హై పెట్టు, నీడలు, మేఘాలు, పొగమంచు ఈ మూడూ ఒక మెట్టు దింపితే చాలు, కంటికి తేడా తెలియకుండా ఫ్రేములు లేస్తాయి. ఆటల్లో ఉండే ఎన్విడియా డీఎల్ఎస్ఎస్ సెట్టింగ్‌ని క్వాలిటీలో పెడితే 1080పీ బొమ్మని లోపల 720పీలో గీసి పెద్దది చేస్తుంది, 24 అంగుళాల మీద దగ్గర నుంచి చూస్తే కొంచెం మెత్తగా అనిపిస్తుంది, కాబట్టి అవసరమైతేనే.

బిగించడం నువ్వే చేసుకో, పదిహేను వందలు మిగులుతాయి, పైగా తర్వాత ఏది పోయినా భయం ఉండదు. అయస్కాంతం ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి చాలు. ప్రాసెసర్ కింద సాకెట్‌లో పిన్నులుంటాయి, వేలు పెట్టకు. ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య రాసే పేస్ట్ శనగ్గింజంత. బోర్డు పైన ఎడమ మూల ఎనిమిది పిన్నుల కరెంటు కేబుల్ మరిచిపోకు, కూలర్ పెట్టేశాక అక్కడికి చెయ్యి దూరదు, ముందే గుచ్చు.

ఇంకొక్కటి, దీనికి టెన్షన్ పడనివాణ్ణి నేనింకా చూడలేదు. అన్నీ బిగించి మొదటిసారి స్విచ్ వేశాక ఫ్యాన్లు తిరుగుతాయి, తెర మాత్రం నల్లగానే ఉంటుంది, బోర్డు మీద ర్యామ్ పక్కన నారింజ రంగు లైటు వెలుగుతుంది. ఏదో కాల్చేశాననుకుని అందరూ స్విచ్ ఆపేస్తారు, మళ్లీ వేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. అది ర్యామ్‌ని పరీక్షించుకుంటోంది, డీడీఆర్5లో మొదటిసారి అయిదు నిమిషాలు, ఒక్కోసారి పది కూడా పడుతుంది. కింద టీ కొట్టు దగ్గరికి వెళ్లి నెమ్మదిగా తాగి రా. వచ్చాక కూడా నల్లగానే ఉంటే అప్పుడు నాకు బోర్డు ఫొటో పంపు, ఆ లైటు కనపడేలా.